నాలుగు పుస్తకాలు కలగాపులగం కాకుండా
ఒకేసారి మూడు నాలుగు పుస్తకాలు చదవడం నాకు అలవాటు. మొన్నటిదాకా రెండు నవలలు కలిపి చదివేదాన్ని, రెండింట్లోనూ కోర్టు కేసే, వారం తిరక్కుండానే ఎవరు ఏ కథలో వాళ్లో తెలియక పది పేజీలు వెనక్కి వెళ్లాల్సి వచ్చేది. అసలు చిక్కు ఎన్ని పుస్తకాలన్నది కాదు, ఒకే రకానివి పెట్టుకోవడం. ఇప్పుడు నవల ఒక్కటే, అదీ రాత్రిపూట. పొద్దున చరిత్ర, నడకలో ఆడియోబుక్, కవిత్వం ఎప్పుడు పడితే అప్పుడు (కవితకి వెనకటి కథ గుర్తుండక్కర్లేదు కదా). అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం చిన్న చీటీ. పుస్తకం మూసేముందు "అక్క ఉత్తరం దాచేసింది, తమ్ముడికి తెలియదు" అని పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి ఆ పేజీలోనే పెడతాను. ఐదు రోజుల తర్వాత తెరిచినా, అది చూడగానే కథంతా కళ్ల ముందుకొచ్చేస్తుంది.