కుర్చీని ముందే వాల్చి ఉంచమన్నాను

మా అబ్బాయికి ఆటిజం. దంతవైద్యుల కుర్చీ వెనక్కి వాలితే చాలు, కేకలు పెట్టేవాడు. నొప్పికి కాదు, కదిలే కుర్చీ, కళ్లలో పడే దీపం, చెవిలో దూరే చప్పుడు వాడు భరించలేడు.

రోజులో మొదటి అపాయింట్‌మెంట్ అడిగి తీసుకున్నాం. నల్ల కళ్లద్దాలు, హెడ్‌ఫోన్లు పెట్టాం. కుర్చీని ముందే పూర్తిగా వాల్చి, ఆ తర్వాత వాణ్ని ఎక్కించమన్నాను. సగం గొడవ అక్కడే తీరింది.

డాక్టరమ్మ చిన్న అద్దాన్ని వాడి చేతికిచ్చారు. పాలిషింగ్ బ్రష్‌ను ముందు గోటి మీద తిప్పి చూపించి, తర్వాతే పంటిపై పెట్టారు. 'చెప్పు, చూపు, చేయి' అనే ఈ పద్ధతి పిల్లల దంతవైద్యంలో 1959 నుంచీ ఉన్నదే. పది లెక్కపెట్టి ఆపుతానన్నారు, పదికే ఆపారు. తొమ్మిదిన్నర, తొమ్మిదిముప్పావు అంటూ సాగదీయలేదు!

"నొప్పి ఉండదు" అని మాత్రం ఎవరినీ అననివ్వలేదు. అందులో వాడికి వినిపించేది నొప్పి ఒక్కటే. ఇప్పుడు నోరు తెరుస్తున్నాడు. ఎక్స్‌రేకు ఇంకా ఒప్పుకోలేదు.