ఫ్లూతో మెదడు జబ్బు చేసిన పిల్లల్లో వెన్నుద్రవం రిపోర్టును చదవడం ఎలా

ఇన్‌ఫ్లుయెంజా సోకిన బిడ్డ, జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజులకే ఫిట్స్‌తోనో వీడని మగతతోనో ఆసుపత్రికి చేరినప్పుడు, వెన్నుద్రవంలో కణాల సంఖ్య మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో మెదడుకు ముప్పు లేదని తేల్చేయకూడదు. ఈ జబ్బులో చాలావరకు వైరస్ మెదడులోకి చొరబడదు. దానిపై పోరులో శరీరం విడుదల చేసే సైటోకైన్లు (వాపును రేపే సంకేత ప్రొటీన్లు) మితిమీరి, రక్తనాళాల గోడలను, నాడీకణాలను దెబ్బతీస్తాయి. అందుకే ద్రవంలో తెల్లకణాలు పెరగకపోవడం, పీసీఆర్‌లో వైరస్ కనిపించకపోవడం తరచూ జరిగేదే.

మెదడులో ఒత్తిడి పెరిగిన లక్షణాలుంటే ముందుగా స్కాన్ చేయించాలి; సురక్షితమని తేలేవరకు వెన్నులో సూది వేయకూడదు.

రిపోర్టులో మొదట ప్రొటీన్‌ను చూడండి. కణాలు పెరగకుండా ప్రొటీన్ మాత్రమే పెరిగి, ఎంఆర్ఐలో రెండు వైపులా థాలమస్ (మెదడు లోపలి భాగం) దెబ్బతిని కనిపిస్తే, తీవ్రమైన నెక్రోటైజింగ్ ఎన్‌సెఫలోపతీని, అంటే మెదడు కణజాలం చచ్చుబడే జబ్బును, బలంగా అనుమానించాలి. గ్లూకోజును మాత్రం అదే సమయంలో తీసిన రక్తంలోని గ్లూకోజుతో పోల్చాలి.

ఇక వెన్నుద్రవంలో కొలిచే ప్రత్యేక గుర్తుల (బయోమార్కర్ల) విషయంలో, నా దృష్టిలో, అంకె ఎంతన్నదానికన్నా నమూనా ఎప్పుడు తీశారన్నదే ముఖ్యం. ఇంటర్‌లూకిన్-6 అనే సైటోకైన్ తొలి గంటల్లోని వాపు తీవ్రతను సూచిస్తుంది, కాబట్టి ఆలస్యంగా తీసిన నమూనాలో అది తగ్గిపోయి ఉండవచ్చు. టావ్ ప్రొటీన్ నాడీకణాల నష్టానికి గుర్తు. నష్టం జరిగాక గానీ అది పెరగదు. జ్వరం తొలిరోజున సుదీర్ఘమైన ఫిట్ వచ్చి, బిడ్డ కాస్త తేరుకున్నాక, నాలుగు నుంచి ఆరు రోజుల మధ్య మళ్లీ ఫిట్స్ మొదలయ్యే రకం జబ్బులో, తొలిరోజు టావ్ మామూలుగా ఉన్నంత మాత్రాన ధైర్యపడలేము. నాడీకణాల నష్టానికి మరో గుర్తయిన న్యూరాన్ స్పెసిఫిక్ ఎనొలేజ్ అనే ఎంజైమ్ ఎర్రకణాల్లోనూ ఉంటుంది. సూది గుచ్చినప్పుడు రక్తం కలిసి ద్రవం గులాబీ రంగులోకి మారితే, ఆ ఫలితాన్ని నమ్మవద్దు.

నమూనాను పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గొట్టంలో తీసుకోండి, ఎందుకంటే గాజుకూ పాలీస్టైరీన్‌కూ టావ్ అంటుకుపోయి అంకె తగ్గవచ్చు. సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి), చిన్న భాగాలుగా పంచి, మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించవద్దు. గొట్టంపై జ్వరం మొదలైన గంట, తొలి ఫిట్ వచ్చిన గంట, ద్రవం తీసిన గంట రాయండి. ఈ ప్రత్యేక పరీక్షల ఫలితాలు రావడానికి రోజులు పట్టవచ్చు కనుక, ఫ్లూ మందునూ ఫిట్స్ చికిత్సనూ వాటి కోసం ఆపకూడదు.