సముద్రం పక్కనే ఉంది, పంపులో నీళ్ళు లేవు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పంపు దించినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "ఏటి సార్, ఎదురుగా సముద్రం పెట్టుకుని ట్యాంకరు కోసం ఫోన్లా?" న్యాయమైన ప్రశ్నే. మామూలు ఫైరింజన్ ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. రెండు బ్రాంచీలు (హోస్ చివర నీళ్ళు చిమ్మే మూతులు) తెరిచామంటే పది నిమిషాలు రావడం కష్టం. ఆ తర్వాత దిక్కు సముద్రమే. 2023 నవంబర్ 19 రాత్రి ఇదే హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడ్డాయి. బోట్లలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు ఉండేసరికి మంట ఒకచోట నిలవలేదు. అలాంటి రాత్రి పంపు మొరాయిస్తే ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో రాస్తున్నాను. పోర్టబుల్ పంపు నడిపే కొత్త కుర్రాళ్ళకీ, సొంత పంపు ఉన్న బోటు ఓనర్లకీ పనికొస్తుంది.

ప్రైమింగ్ చేస్తున్నా వాక్యూమ్ గేజ్ ముల్లు కదలదు

ప్రైమింగ్ అంటే పంపులోంచీ, నీళ్ళలోకి దించే సక్షన్ పైపులోంచీ గాలి తీసెయ్యడం. ఎంత తీశామో వాక్యూమ్ గేజ్ ముల్లు చూపిస్తుంది. అది కదలకపోతే కారణం గాలి. పంపు నీళ్ళని లాగదు. లోపలి గాలిని తీసేస్తే బయటి గాలి ఒత్తిడే నీళ్ళని పైకి తోస్తుంది. ఎక్కడో సన్న సందు ఉంటే తీసేసిన గాలి మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. పదిలో ఎనిమిదిసార్లు ఆ సందు సక్షన్ పైపు కప్లింగ్ (పైపు జాయింటు) దగ్గరే ఉంటుంది.

భీమిలి వైపు ఒక డ్రిల్లులో పావుగంట ప్రైమింగ్ చేశాం. చేతులు పడిపోయాయి తప్ప ముల్లు సున్నా దగ్గర్నుంచి లేవలేదు. ఇంజిన్ మీద అనుమానం, గ్లాండ్ (పంపు షాఫ్టు చుట్టూ ఉండే సీలు) మీద అనుమానం, చివరికి పంపు కంపెనీ మీద కూడా అనుమానం. కప్లింగ్ విప్పి చూస్తే అందులో వాషరే లేదు. ముందురోజు కడిగి ఎండబెట్టినవాడు గూట్లో పెట్టి మరిచిపోయాడు. ఆ మరిచిపోయింది నేనే.

అందుకని ముందు చెవితో వెతకండి. ఇంజిన్ వేగం తగ్గించి ఒక్కో జాయింటు దగ్గర చెవి పెడితే సన్నగా బుస వినిపిస్తుంది. వినపడకపోతే సబ్బు నురగ పూయండి, లీకున్నచోట నురగ లోపలికి లాక్కుపోతుంది. వాషర్ తడిపి, ఇసుక తుడిచి, రెంచీతో బిగించండి. బీచ్‌లో పని చేస్తే ఇసుక రేణువు ఒక్కటి చాలు. డ్రెయిన్ కాక్ (పంపులో నీళ్ళు వంచే కుళాయి) తెరిచి ఉందేమో కూడా చూడండి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు గానీ చాలామందికి జరిగేదే.

ముల్లు పైకి పాకుతుంది, నీళ్ళు మాత్రం రావు

ఇది పై సమస్యకి పూర్తిగా తలకిందులు. లీకు లేదు, దారి మూసుకుపోయింది. నీటి మట్టం నుంచి పంపు దాకా ఎత్తు మీటరుకి సుమారు 7.5 సెంటీమీటర్ల పాదరసం చూపించాలి. జెట్టీ మీద 3 మీటర్ల ఎత్తులో పంపు పెడితే ముల్లు 22 దగ్గర ఉండాలి. అది 50 దాటి కూర్చుందంటే స్ట్రెయినర్‌కి (సక్షన్ పైపు చివరి జల్లెడకి) ఏదో చుట్టుకుంది. మన హార్బర్‌లో అది ప్లాస్టిక్ కవరో, తెగిన నైలాన్ వల ముక్కో. స్ట్రెయినర్‌ని చేపల వెదురు గంపలో పెట్టి తాడుతో కట్టి దించండి. దీనికి మించిన వడపోత నేను చూడలేదు.

అడ్డేమీ లేకపోతే ఎత్తు కొలవండి. లెక్క ప్రకారం 10 మీటర్ల దాకా రావాలి గానీ, పని చేసే పంపుకి 7 మీటర్లే హద్దనుకోండి. ఎంత ప్రైమింగ్ చేసినా లాభం లేదు, పంపుని కిందికి దించాల్సిందే.

కాసేపు వచ్చి ఆగిపోతుంది

నీటి మీద సుడి కనిపిస్తోందా? స్ట్రెయినర్ పైకి తేలి గాలి మింగుతోంది. పోటు మీద మొదలుపెట్టిన పనికి పాటు వచ్చేసరికి నీరు దిగిపోతుంది. కనీసం అర మీటరు మునిగి ఉండేలా తాడు వదులుతూ ఉండాలి, దానికో మనిషిని ప్రత్యేకంగా కేటాయించాలి. అడుగున ఇసుకుంటే ఖాళీ క్యాను కట్టి నీటి మధ్యలో వేలాడేలా చూడండి.

ఇంకో కారణం పైపు పడుకున్న తీరు. జెట్టీ పిట్టగోడ మీదుగా ఎక్కించి దించితే ఆ గూని దగ్గర గాలి చిక్కుకుంటుంది. పంపు నుంచి నీటిదాకా పైపు ఏటవాలుగా దిగుతూనే ఉండాలి.

పంపులో గులకరాళ్ళు వేసినట్టు చప్పుడొస్తే వచ్చే నీళ్ళకంటే పంపేది ఎక్కువైందని అర్థం. థ్రాటిల్ తగ్గించండి లేదా ఒక బ్రాంచి మూయండి.

పంపు దగ్గర ప్రెషర్ ఉంది, బ్రాంచి దగ్గర లేదు

హోస్ వెంట నడవండి. మడతో, దానిమీద నిలబెట్టిన ఆటోనో, రెండు బోట్ల మధ్య నలిగిన ముక్కో కనిపిస్తుంది.

నీళ్ళు కొడుతుంటే మంట ఇంకా పరుచుకుంటోంది

డీజిల్ నీటిమీద తేలి మండుతుంది. నీటి ధార దాన్ని పక్క బోటుకి తోస్తుంది. అక్కడ ఫోమ్ కావాలి. ఫోమ్ కట్టకుండా పల్చటి తెల్లనీళ్ళే వస్తుంటే ముందు పికప్ గొట్టం (ఫోమ్ ద్రావణం లాగే గొట్టం) డబ్బా అడుగుదాకా మునిగిందో లేదో చూడండి. తర్వాత ఇండక్టర్ (ఫోమ్‌ని నీళ్ళలో కలిపే పరికరం) మీది శాతం, డబ్బా మీది శాతం ఒకటేనా అని. 3 శాతం ఫోమ్ అంటే 97 లీటర్ల నీళ్ళకి 3 లీటర్లు. సముద్రపు నీటికి పనికొచ్చే రకమేనా అన్నది డబ్బా మీదే ఉంటుంది, స్టాకు తెచ్చుకున్న రోజే చదివిపెట్టుకోండి. ఇండక్టర్ తర్వాత హోస్ మరీ పొడవైనా అది ఫోమ్ లాగదు.

బోటు ఒక పక్కకి ఒరుగుతోంది

మీరు కొట్టిన నీళ్ళే కారణం. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే భారీ ఓడకి మంటలంటుకుంటే, ఆర్పడానికి పోసిన నీళ్ళ బరువుకే మర్నాడు పక్కకి పడిపోయింది. మరబోటు ఎంత? ధార ఆపి పొగమంచులాంటి స్ప్రేకి మారండి, లోపలి నీళ్ళు ఇంకో పంపుతో తోడండి. మనుషుల్ని ముందు దించెయ్యండి.

ఫోన్ చేసేవాళ్ళకి ఒక మాట. ఒడ్డున 101, సముద్రంలో ఉంటే కోస్ట్‌గార్డ్ 1554. ఏ జెట్టీ, బోటులో సిలిండర్లెన్ని, లోపల ఎవరైనా పడుకున్నారా అన్న మూడూ చెప్పండి. వలలు, తాళ్ళు దారికి అడ్డంగా ఉంటే బండి వచ్చేలోపు పక్కకి లాగించండి.

వచ్చేసారి పంపు బిగుసుకుపోతే

ఉప్పు. మంట ఆరాక అలిసిపోయి పంపుని అలాగే ఎక్కించేస్తాం, వారానికి వాల్వులు పట్టేస్తాయి. స్టేషన్‌కి చేరాక పది నిమిషాలు మంచినీళ్ళతో నడిపి, నీళ్ళన్నీ వంచేసి, వాల్వులకి గ్రీజు పెట్టండి. వాషర్లు విప్పి కడిగితే మాత్రం ఎండాక వాటి చోట పెట్టేసే ఇంటికి వెళ్ళండి.