పాత టేపు నుంచి ఫిట్స్ ఫైల్: సమస్య - పరిష్కారం

పీహెచ్‌డీ రోజుల్లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ నుంచి తెచ్చుకున్న తొమ్మిది ట్రాకుల టేపు చుట్టలు నెల్లూరులోనో కావలిలోనో ఇంట్లో మూలపడి ఉంటే, వాటిలోని బొమ్మల్ని ఫిట్స్ (ఖగోళ చిత్రాలు దాచుకునే ఫైల్ రకం) ఫైళ్ళుగా మార్చుకోవడానికి ఇది మీకోసమే. టేపును వీలైతే ఒక్కసారే తిప్పండి. ఉన్నది ఉన్నట్టు డిస్క్‌లోకి దించుకుని, ఆ తర్వాత తంటాలన్నీ ఆ కాపీతోనే పడండి.

టేపు కీచుమంటోంది, దాన్ని చదివే హెడ్‌కు గోధుమరంగు మడ్డి అంటుతోంది
మన వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు ఆ తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. వెంటనే ఆపేయండి. ఇంకాస్త లాగితే పొడి ఊడొస్తుంది, దాంతోపాటే డేటా పోతుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆరిపోతుంది కదా అని టేపును మే నెల ఎండలో డాబా మీద పెట్టకండి, వంకర్లు పోతుంది. 50 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే ల్యాబ్ ఓవెన్‌లో గంటల తరబడి ఆరబెట్టాలి. అది ఈ పని తెలిసినవాళ్ళకే అప్పగించండి.

లైనక్స్‌లో టేపును కాపీ చేసే డీడీ కమాండ్ ఇస్తే మెమరీ చాలదంటోంది
ర్యామ్ తప్పేం లేదు. టేపు మీద బ్లాకు 28,800 బైట్లుంటే డీడీ మామూలుగా 512 మాత్రమే అడుగుతుంది. డ్రైవ్‌ను వేరియబుల్ బ్లాకులో (బ్లాకు సైజు ఎంతున్నా చదివే పద్ధతిలో) పెట్టి, డీడీకి బీఎస్ (ఒక్కసారి అడిగే బైట్లు) విలువ 65,536 ఇవ్వండి. రివైండ్ కాని డివైస్ పేరే వాడండి, లేకపోతే ఎన్నిసార్లు చదివినా మొదటి ఫైలే వస్తుంది.

బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది
బైట్లు తారుమారయ్యాయి. ఫిట్స్‌లో పెద్ద బైటు ముందుండాలి, వ్యాక్స్ అనే పాతకాలపు కంప్యూటర్లలో చిన్నది ముందు. అందుకే 1 ఉండాల్సిన చోట 256 కనిపిస్తుంది. ముందు హెడర్ (ఫైలు మొదట్లో డేటా వివరాలు చెప్పే అక్షరాల భాగం) చూడండి. 'సింపుల్' అన్న ఇంగ్లీషు మాట ఐ-ఎస్-పీ-ఎం-ఈ-ఎల్ అని కనిపిస్తే ఫైలంతా స్వాబ్ చేయండి, అంటే పక్కపక్క బైట్లను జతలుగా అటూఇటూ మార్చండి. హెడర్ చక్కగా ఉంటే దాన్ని ముట్టుకోకుండా డేటాను మాత్రమే మార్చండి.

నక్షత్రం నడిమధ్యన నల్లమచ్చ
నన్నడిగితే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. 16 బిట్ల ఫిట్స్‌లో విలువ 32,767 దాటలేదు, కెమెరా 65,535 దాకా ఇస్తుంది. దాటినవన్నీ మైనస్‌లోకి పోతాయి. అంచు నుంచి మధ్యకు పిక్సెళ్ళు చదవండి. విలువలు 32,767 దాకా పెరిగి ఒక్కసారిగా మైనస్‌లో పడితే జబ్బు ఇదే. మైనస్ విలువలకు 65,536 కలపండి. తిరిగి రాసేటప్పుడు అన్నిటిలోంచి 32,768 తీసేసి, హెడర్‌లో బీజీరో (చదివేటప్పుడు కలపాల్సిన సంఖ్య) 32,768, బీస్కేల్ (గుణించాల్సిన సంఖ్య) 1 అని పెట్టండి.

ఫైల్ తెగిపోయిందంటోంది
సైజు 2,880తో నిశ్శేషంగా భాగించబడాలి. హెడర్ చివర ఖాళీలు, డేటా చివర సున్నాలు నింపండి.

బొమ్మ తలకిందులైంది
ఫిట్స్‌లో మొదటి పిక్సెల్‌ను కింది ఎడమ మూలన చూపించడం ఆనవాయితీ, జేపెగ్‌లో పైమూలన. డేటాను తిప్పకండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే కాబట్టి అది చూసుకోవడానికే, కొలతలకు ఫిట్సే దాచండి.