హైతీకి ఉద్యోగం మీద వస్తున్న తెలుగువారికి

హైతీ పేరు వినగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో చాలా భాగం సాయుధ ముఠాల చేతిలో ఉంది. 2024 మార్చిలో మన ప్రభుత్వం ‘ఆపరేషన్ ఇంద్రావతి’ పేరుతో 12 మంది భారతీయులను ఇక్కడి నుంచి పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కు చేర్చింది. అదే ఏడాది నవంబరులో విమానాలకు తూటాలు తగిలాక, అమెరికా విమాన సంస్థలు రాజధానికి రావడం మానేశాయి. అందుకే చూసిపోదామని వచ్చేవాళ్లకు నేను రమ్మని చెప్పను. ఆసుపత్రిలోనో, సహాయ సంస్థలోనో, ఫ్యాక్టరీలోనో ఉద్యోగం ఖాయమై, ఉత్తరాన ఉన్న కాప్-హైతియన్ వైపు వస్తున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బయల్దేరే ముందు కొన్ని పనులు చేసుకోండి. మయామి మీదుగా వస్తుంటే అమెరికా వీసా తప్పనిసరి. హైతీ వ్యవహారాలు చూసే భారత రాయబార కార్యాలయం డొమినికన్ రాజధాని శాంటో డొమింగోలో ఉంది, వాళ్ల దగ్గర పేరు నమోదు చేయించుకోండి. రోడ్డు మార్గాన రాజధానికి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. చీకటి పడ్డాక ఎక్కడికి వెళ్లాలన్నా ఆఫీసు డ్రైవర్‌ని అడిగి, అతను సరే అంటేనే కదలండి. ఏ రోజు ఏ దారి బాగుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

వచ్చాక మొట్టమొదట నేర్చుకోవలసింది పలకరింపు. మధ్యాహ్నం దాకా ‘బోన్జూ’, ఆ తర్వాత ‘బోన్స్వా’. పరిచయస్తులను పలకరిస్తే చాలదు. దుకాణంలో అడుగుపెట్టినా, క్లినిక్ వరండాలో కూర్చోబోయినా, నలుగురూ కలిసి ఎక్కే రంగురంగుల తప్-తప్ బండి ఎక్కినా అక్కడున్న అందరికీ వినబడేలా ఒకసారి అనాలి. అందరూ బదులిస్తారు. ఆ తర్వాతే పని సంగతి. మనలో చాలామందికి ఆఫీసుకు రాగానే ‘ఆ ఫైలు ఎక్కడ?’ అని మొదలుపెట్టే అలవాటు. ఇక్కడ అలా మొదలుపెడితే ఎదుటివాళ్లు ముఖం ముడుచుకుంటారు, పని కూడా నెమ్మదిస్తుంది. వీళ్లకు పొగరనో, సోమరితనమనో అనుకునేవాళ్లను చూశాను. నిజానికి పలకరించకుండా పని చెప్పడమంటే మనిషిని మనిషిగా లెక్కచేయకపోవడమే. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతావన్నీ సులువవుతాయి.

పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది. ఎవరింటికైనా వెళ్తే వాకిట్లోనే ఆగి ‘ఓనే!’ అని కేకేయాలి. అంటే గౌరవం. లోపలివాళ్లు ‘రెస్పే!’ అంటే, మర్యాద అంటే, అప్పుడు లోపలికి అడుగుపెట్టాలి. ఉన్న ఒకటి రెండు కుర్చీల్లో మంచిది తుడిచి మీకు వేస్తారు. వద్దనకుండా కూర్చోండి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. మగవాళ్లయితే ‘టోంటోన్’, ఆడవాళ్లయితే ‘మటాంట్’, అంటే మామయ్య, అత్తయ్య లాంటివే. చుట్టరికం ఉండక్కర్లేదు.

బట్టల విషయంలో జాగ్రత్త. ఊళ్లో నీళ్లు మోసుకుంటారు, కరెంటు ఉండదు, అయినా పొద్దున్నే బడికెళ్లే పిల్లల యూనిఫాం మీద ఒక్క ముడత కనబడదు. నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టెతో తల్లులు రాత్రే ఇస్త్రీ చేసి ఉంచుతారు. ఆడపిల్లల జడలకు యూనిఫాం రంగుకు సరిపడే రిబ్బన్లు, తెల్లని మేజోళ్లు. అలాంటి ఊళ్లో నలిగిన టీషర్టు, చెప్పులతో ఆఫీసుకో, చర్చికో వెళ్తే అది మీ నిరాడంబరత అనుకోరు, తమను చిన్నచూపు చూశారనుకుంటారు.

అలాగే ‘పేద దేశం’ అన్న మాట వాళ్ల ముందు వాడకండి. బానిసలుగా ఉన్నవాళ్లే తిరగబడి నెపోలియన్ సేనను ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్న దేశమిది. ఆఖరి పెద్ద యుద్ధం 1803 నవంబరు 18న కాప్-హైతియన్ శివార్లలోని వెర్టియేర్‌లోనే జరిగింది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ బానిసలకూ పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి చేసిన అప్పుల బాకీ 1947 దాకా తెగలేదు. ఈ లెక్క ఇక్కడ చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. వాళ్ల పేదరికం గురించి వాళ్లకే ఉపన్యాసం ఇచ్చే ముందు మనకూ తెలిసి ఉండాలి.

ఇక బజారు. మొదటి వారం అందరినీ తికమక పెట్టేది డబ్బు లెక్క. నోట్లు గూర్డ్‌లలో ఉంటాయి, ధరలేమో చాలామంది ‘డాలర్ల’లో చెబుతారు. అది అమెరికా డాలర్ కాదు, హైతీ డాలర్. దానికి నోటూ లేదు, నాణెమూ లేదు. ఒకప్పుడు 5 గూర్డ్‌లు ఒక అమెరికా డాలర్‌గా ఉండేది, ఆ లెక్క నోటి మాటలో అలాగే నిలిచిపోయింది. అమ్మే ఆవిడ 50 డాలర్లంటే మీరు ఇవ్వాల్సింది 250 గూర్డ్‌లు. అసలు అమెరికా డాలర్‌కు ఈమధ్య 130 గూర్డ్‌ల చుట్టుపక్కల వస్తున్నాయి. అనుమానమొస్తే ‘గూర్డా?’ అని అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

బియ్యం, చిక్కుడు గింజలు ‘మామిట్’ అనే డబ్బాతో కొలుస్తారు. బేరం ఆడొచ్చు, కానీ నవ్వుతూ ఆడాలి. కొలిచాక ‘డెగి’ అడగండి, అదే మన కొసరు. గుప్పెడు గింజలు పైన వేస్తుంది. ఒకే ఆవిడ దగ్గర మళ్లీ మళ్లీ కొంటే మీరు ఆవిడ ‘ప్రాటిక్’ అవుతారు, అంటే వాడుక ఖాతాదారు. అప్పుడు అడగకుండానే కొసరు పడుతుంది, మంచి మామిడిపండ్లు మీ కోసం పక్కన పెడుతుంది. ఊరూరూ తిరిగి సరుకు తెచ్చే ఈ ఆడవాళ్లను ‘మదాం సారా’లంటారు. దేశానికి తిండి అందుతున్నదంటే వీళ్ల కాళ్ల మీదే.

తిండి గురించి దిగులు పడకండి, ఇక్కడా అన్నమే ప్రధానం. దానిలో చిక్కుడు గింజలు కలిపి వండుతారు. క్యాబేజీ, క్యారెట్, ఘాటైన మిరపకాయలు వెనిగర్‌లో ఊరేసిన ‘పిక్లిజ్’ ఉంటే పచ్చడి లేని లోటు సగం తీరుతుంది. శాకాహారులు మాత్రం జాగ్రత్త. ‘సాన్ వియాన్’, అంటే మాంసం లేకుండా, అని చెప్పినా కోడి రుచి మాగీ క్యూబు అన్నింటిలో పడుతుంది. అది కూడా వద్దని విడిగా చెప్పాలి. ఇంట్లో వండుకునేవాళ్లకు శుభవార్త: ‘ప్వా కొంగో’ అంటే కందులే. పప్పుగా బద్దలు చేసి అమ్మరు, గింజలే దొరుకుతాయి, రాత్రి నానబెట్టుకోవాలి. చింతపండు, బెండ, వంకాయ, చేమదుంప, అరటికాయ అన్నీ ఉన్నాయి. ‘బెంజోలివ్’ అని చూపిస్తే అది మన మునగచెట్టే. కరివేపాకు కోసం మాత్రం వెతక్కండి.

నీళ్ల విషయంలో రాజీ లేదు. 2010 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం మురుగు నదిలో కలిసి కలరా మొదలైంది. దాదాపు 10 వేలమంది పోయారు. తగ్గిందనుకున్నాక 2022లో మళ్లీ వచ్చింది. సీసా నీళ్లో, శుద్ధి చేసిన పెద్ద క్యాన్ నీళ్లో తాగండి. కూరగాయలు క్లోరిన్ కలిపిన నీళ్లలో కడగండి. పళ్లు తోముకోవడానికి కూడా తాగే నీళ్లే వాడండి. మలేరియా ఉంది, దోమతెర తెచ్చుకోండి, మందుల సంగతి డాక్టర్‌ని అడిగి రండి.

ఇప్పుడు నమ్మకాలు. ఇక్కడి మతం వోడూ అంటే సినిమాల్లో చూపించే బొమ్మలూ సూదులూ కాదు. బోండియే అనే ఒకే దేవుడు పైన ఉంటాడు, రోజువారీ కష్టసుఖాలు చూసేది ‘ల్వా’లనే దేవతాగణం. పూజారి ఊంగాన్, పూజారిణి మాంబో. మొక్కజొన్న పిండితో నేలమీద మన ముగ్గులాగే ఒక్కో ల్వాకు ఒక్కో గుర్తు వేస్తారు, డప్పులు మోగుతాయి, పూనకం వస్తుంది. 2003లో ప్రభుత్వం దీన్ని అధికారికంగా మతంగా గుర్తించింది. ఏటా జులై 25న కాప్-హైతియన్ దగ్గరి ప్లెన్-దు-నార్‌లో సెయింట్ జేమ్స్ పండగ. ఆయన్నే ఓగూ ల్వాగా కొలుస్తూ భక్తులు బురదకుంటలో మునుగుతారు. నవంబరు 1, 2 తేదీల్లో ఊదా, నలుపు బట్టలు కట్టి శ్మశానాలకు వెళ్లి చనిపోయినవాళ్లను తలచుకుంటారు. ‘మాపూ’ అనే పెద్ద బూరుగు చెట్టులో ల్వా ఉంటుందని నమ్మకం, దాన్ని కొట్టరు.

అయితే పొద్దున చర్చికీ రాత్రి పూజకూ వెళ్లేవాళ్లున్నట్టే, వోడూ పేరెత్తితే మండిపడే ప్రొటెస్టెంట్లూ చాలామంది ఉన్నారు. కాబట్టి కొత్త పరిచయంలో ‘మీరు వోడూనా?’ అని అడగకండి. జాంబీల గురించి అసలే వద్దు. ఎవరైనా పూజకు పిలిస్తే వెళ్లండి, ఫోన్ జేబులోనే ఉంచండి.

డాక్టర్లు, నర్సులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడ రోగాన్ని వేడి, చలువల లెక్కలో చూస్తారు. ఇస్త్రీ చేసిన చేతులతో వెంటనే ఫ్రిజ్ తెరవరు, బాలింతకు చల్లనివి పెట్టరు. ‘సెజిస్మాన్’ అని ఒక జబ్బు చెబుతారు: హఠాత్తుగా చావు కబురో, భయమో తగిలితే రక్తం చెడుతుందనీ, బాలింతకైతే పాలు చెడతాయనీ. అలా అనుకున్న తల్లి బిడ్డకు పాలు మానేసే ప్రమాదముంది. ‘అదేం లేదు’ అని కొట్టిపారేస్తే ఆవిడ మళ్లీ మీ దగ్గరికి రాదు. ఏం జరిగిందో ముందు వినండి, ఆ తర్వాత పాలు పట్టించే దారి చూడండి. మీ దగ్గరికొచ్చే చాలామంది అప్పటికే ఆకువైద్యుడి దగ్గర కషాయం తాగి వస్తారు. జ్వరానికి వాడే ‘అసోసి’ కాకర జాతి తీగే. ఒంటికి రాసే ‘ల్విల్ మస్క్రీటి’ మన ఆముదమే. ఏ ఆకు తాగారో మర్యాదగా అడిగితే దాచకుండా చెబుతారు. మందు మోతాదు నిర్ణయించడానికి ఆ జవాబు మీకు అవసరం.

డబ్బు అడిగేవాళ్లు తగులుతారు. రోడ్డు మీద నోట్లు పంచకండి, మీకూ మంచిది కాదు, వాళ్లకూ కాదు. ఇక్కడ బడులు ఎక్కువగా ప్రైవేటువే. ఫీజు కట్టలేకే పిల్లలు మానేస్తారు. సాయం చేయాలనిపిస్తే తెలిసిన కుటుంబంలో ఒక బిడ్డ ఫీజు నేరుగా బడిలో కట్టండి. తోటి ఉద్యోగులు ‘సోల్’ వేస్తుంటారు. అందరూ నెలనెలా కొంత వేసి, వంతులవారీగా మొత్తం ఒకరు తీసుకుంటారు. పాటలేని చీటీ అన్నమాట. మిమ్మల్ని చేరమన్నారంటే నమ్మకం కుదిరిందని అర్థం. చేరితే ఒక్క నెల కూడా ఆలస్యం చేయకండి. ఎవరింట్లోనైనా చావు జరిగితే తప్పక వెళ్లండి. అంత్యక్రియలకు అప్పు చేసైనా ఖర్చు పెడతారు, తొమ్మిది రోజులు ప్రార్థనలుంటాయి. కవరులో కొంత పెట్టి కుటుంబంలో పెద్దావిడ చేతికివ్వండి.

జనవరి 1న ఇంటింటా గుమ్మడికాయ సూప్, ‘సూప్ జూమూ’. బానిసత్వంలో వండిపెట్టడమే తప్ప తాగే హక్కు తమకు లేని ఆ సూప్‌ను స్వతంత్రం వచ్చాక అందరూ తాగడం ఆనవాయితీ అయింది. పక్కింటి నుంచి గిన్నె వస్తుంది. సాధారణంగా గొడ్డుమాంసం వేస్తారు. తినకపోతే డిసెంబరులోనే నెమ్మదిగా చెప్పి ఉంచండి, గిన్నె వచ్చాక తిప్పి పంపకండి.

సామాను సంగతి. ఇక్కడి కరెంటు 110 వోల్టులు, అదీ రోజుకు కొన్ని గంటలే. ఇల్లు చూసేటప్పుడు అద్దె కంటే ముందు సోలార్, ఇన్వర్టర్ ఉన్నాయా, ట్యాంకులో నీళ్లెలా నిండుతాయి అని అడగండి. మన 230 వోల్టుల మిక్సీ మోసుకురాకండి, పనిచేయదు. ప్రెషర్ కుక్కర్ మాత్రం తెచ్చుకోండి. అదనంగా రెండు గ్యాస్కెట్లు కూడా. రోలు కావాలంటే బజారులో చెక్కది దొరుకుతుంది, ‘పిలోన్’ అని అడగండి.