కథ ఉన్న పదాల ఆటలు: ఆడేవారి ఫిర్యాదులు, కారణాలు, పరిష్కారాలు

మొబైల్‌లో కథతో ముడిపడిన పదాల ఆటలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో తెర అడుగున గుండ్రంగా పేర్చిన ఐదారు ఇంగ్లీషు అక్షరాలను వేలితో కలుపుతూ పైనున్న గళ్లను నింపాలి. గళ్లు నిండితే నక్షత్రమో, కొన్ని నాణేలో చేతికొస్తాయి. వాటిని ఖర్చు పెడితే పాత బంగళాకు మరమ్మతు జరుగుతుంది, లేదా తప్పిపోయిన బంధువు ఆచూకీ కథ ఒక మెట్టు ముందుకు నడుస్తుంది. రెండో రకంలో కథే పజిల్. 2013లో ఐఫోన్‌కు వచ్చిన ‘బ్లాక్‌బార్’ దీనికి మంచి ఉదాహరణ. అందులో సెన్సారు నల్లగీత కొట్టిన ఉత్తరాలు మనకు అందుతాయి, గీత కింద ఉన్న మాటను ఊహించి టైపు చేస్తే తప్ప తర్వాతి ఉత్తరం తెరుచుకోదు. ఒక ఆట మీద వచ్చిన అభిప్రాయాలను చదివేముందు అది ఈ రెండింటిలో ఏ రకమో తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే “ఆట బాగాలేదు” అన్న ఒకే వాక్యం వెనుక మొదటి రకంలో సాధారణంగా డబ్బు లెక్క ఉంటుంది, రెండో రకంలో ఎవరో ఒకే మాట దగ్గర ఆగిపోయిన విసుగు ఉంటుంది.

“నేను రాసిన మాట సరైనదే, ఆట ఒప్పుకోవడం లేదు”

ఈ ఫిర్యాదులో ఆట తప్పు ఉండే సందర్భాలు తక్కువే గాని, ఆడేవారి భాషాజ్ఞానంలో లోపం ఉందనడం కూడా సరికాదు. ఇటువంటి ఆటల్లో రెండు జాబితాలు పనిచేస్తాయి. గళ్లలో కూర్చవలసిన జవాబుల జాబితా చిన్నది, మాటగా గుర్తించి అంగీకరించే జాబితా చాలా పెద్దది. కథ లేని ఆటే అయినా, ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఊహించే వర్డల్‌ను చూస్తే ఈ ఏర్పాటు స్పష్టమవుతుంది: దాని తొలి రూపంలో జవాబులు కాగల మాటలు సుమారు 2,300 ఉండగా, ఊహగా మాత్రమే అంగీకరించే మాటలు మరో పదివేలకు పైగా ఉండేవి. అక్షర చక్రం ఉన్న ఆటల్లో గళ్లకు అక్కరలేని సరైన మాటను కలిపితే అది బోనస్ పెట్టెలోకి వెళ్తుంది. పైన ఒక్క గడి కూడా నిండకపోవడంతో మాట తిరస్కరణకు గురైందని అనుకుంటాము. కాబట్టి మొదట చూడవలసింది తెర మూలన ఉన్న ఆ పెట్టెనే. అందులో అంకె పెరిగితే మాట చెల్లింది, మన పని ఇంకో మాట వెతుక్కోవడమే.

పెట్టెలోనూ చేరకపోతే వర్ణక్రమాన్ని అనుమానించాలి. పదాల ఆటలు రాసేవారికి హక్కుల చిక్కులేవీ లేకుండా దొరికే ‘ఎనేబుల్’ అనే జాబితాలో 1,70,000కు పైగా మాటలు ఉన్నాయి. అది అమెరికన్ ఇంగ్లీషు ఆధారంగా తయారైనది. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ వర్ణక్రమం. ‘గ్రే’ అనే రంగు పేరులో మనం మూడో అక్షరంగా ‘ఇ’ కోసం వెతుకుతూ ఉంటాము, చక్రంలో మాత్రం ‘ఎ’ ఉంటుంది. ‘కలర్’, ‘ఫేవర్’ వంటి మాటల్లో మనం రాసే ‘యు’ వారు రాయరు, ‘టైర్’లో మనం ‘వై’ రాసేచోట వారు ‘ఐ’ రాస్తారు. మాట గుర్తుకొచ్చి ఒక్క అక్షరం తక్కువో ఎక్కువో అనిపించినప్పుడు, చక్రంలో ఉన్న అక్షరాలతో అమెరికన్ రూపాన్ని కలిపి చూస్తే చాలాసార్లు గడి నిండుతుంది. ఇంగ్లీషు పదసంపద పెంచుకోవడానికని పిల్లల చేత ఈ ఆటలు ఆడించే తల్లిదండ్రులు ఈ తేడాను ముందే చెప్పి ఉంచడం అవసరం, లేకపోతే పరీక్షలో మార్కులు పోయే వర్ణక్రమం అలవాటవుతుంది.

ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, పొడి అక్షరాలు ఈ జాబితాల్లో ఉండవు. మన దేశపు మాటలన్నీ తిరస్కరిస్తారని మాత్రం అనుకోనవసరం లేదు. లక్షకూ కోటికీ మనం ఇంగ్లీషులో వాడే ‘లాఖ్’, ‘క్రోర్’ రెండూ స్క్రాబుల్ పదకోశాల్లో ఎప్పటినుంచో ఉన్నవే. మన కార్యాలయాల్లో నిత్యం వినిపించే ‘ప్రీపోన్’ (అనుకున్న సమయం కంటే ముందుకు జరపడం) పాత అమెరికన్ జాబితాల్లో దొరుకుతుందని ఆశించలేము. కించపరిచే మాటలను తయారీదారులు కావాలనే తీసివేస్తారు. ఇవేవీ కారణం కాదని తేలితే, సెట్టింగ్స్‌లోని సహాయ విభాగం ద్వారా మాటను, లెవెల్ సంఖ్యను కలిపి పంపాలి; సంఖ్య లేకుండా మాట ఒక్కటే పంపితే అవతలివారికి ఏ గడిని సరిచేయాలో తెలియదు.

“ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, కథ కదలడం లేదు”

బ్లాక్‌బార్ వంటి ఆటల్లో ఇది లోపం కాదు, ఆట నడిచే తీరే అంత. అక్కడ నాణేలతో కొనే హింటు లేదు, ప్రకటన చూస్తే తెరుచుకునే అక్షరం లేదు. కారణం చాలావరకు చదివే వేగం. ఉత్తరంలో ముందు వాక్యం ఇచ్చిన ఆధారాన్ని దాటేసి గీత దగ్గరికి పరుగెత్తితే మిగిలేది గుడ్డి ఊహే. అక్షరాలన్నీ ఒకే వెడల్పున్న ఫాంటులో ఉంటాయి గనుక, గీత పొడవును పై వరుసలోని మాటలతో పోల్చి అక్షరాల సంఖ్యను కచ్చితంగా లెక్కపెట్టవచ్చు. తర్వాత వాక్యంలో క్రియ ఏకవచనమా బహువచనమా, గీతకు ముందున్న ఆర్టికల్ అచ్చుకు సరిపోయేదా హల్లుకు సరిపోయేదా అని చూస్తే ఊహలు నాలుగైదుకు తగ్గుతాయి. అప్పటికీ తెగకపోతే పాత ఉత్తరాలకు వెనక్కి వెళ్లి, సెన్సారు ఏ రకపు మాటలను సహించడం లేదో గమనించాలి. అధికారులు దేనికి భయపడుతున్నారో అర్థమైతే మాట దానంతటదే తట్టడం ఈ ఆటలోని అసలైన ఆనందం. జవాబు ఇంకెక్కడో చూసి టైపు చేసేవారు కథను పూర్తిచేయగలరు గాని, ఆ కథ తమను ఎందుకు కదిలించలేదని తర్వాత ఒక నక్షత్రం ఇస్తారు. ఇంగ్లీషు రెండో భాషగా ఉన్నవారికి కొన్ని నుడికారాలు నిజంగానే అందవు, అటువంటి చోట పక్కవారిని అడగడంలో తప్పేమీ లేదు.

“కథ తర్వాతి ఘట్టానికి నక్షత్రాలు చాలడం లేదు”

మొదటి రకం ఆటల మీద కోపం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఆరంభంలో ఒక లెవెల్ దాటితే ఒక ఘట్టం తెరుచుకుంటుంది. కథ మీద ఆసక్తి కుదిరాక ఒక్క ఘట్టానికి మూడు నాలుగు లెవెళ్లు ఆడవలసి వస్తుంది, లెవెళ్లు కూడా కష్టమవుతాయి, హింటు ధర మాత్రం దిగదు. ఫోను పాతదనో, ఆట పాడైందనో కొందరు తీసివేసి మళ్లీ ఎక్కించుకుంటారు, దానివల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. ఇది లెక్క ప్రకారం పెట్టిన అడ్డు గనుక దీన్ని సరిచేసే మీట మన చేతిలో లేదు. చేయగలిగింది ఖర్చును అదుపులో ఉంచుకోవడమే. తొలి ఘట్టాల్లో ఉదారంగా ఇచ్చిన నాణేలను సులువైన లెవెళ్ల హింట్ల మీద ఖర్చు చేయకుండా దాచుకోవాలి. ఒక లెవెల్‌లో చిక్కుకున్నప్పుడు అక్షరాలను కలగలిపే బొమ్మను నొక్కాలి. అది సాధారణంగా ఉచితం, పైగా చూపు ఒకే క్రమానికి అతుక్కుపోయి ఉండడం వల్ల కనిపించని మాట అక్షరాల చోటు మారగానే కనిపిస్తుంది.

కథలో అడిగే ఎంపికల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గోడకు నీలం వేయాలా ఆకుపచ్చ వేయాలా అని అడిగినంత మాత్రాన కథ మారదు, చాలా ఆటల్లో ఏది ఎంచినా తర్వాతి సంభాషణ ఒకటే. “త్వరలో” అన్న పలక కనిపిస్తే తయారైన కథ అక్కడికి అయిపోయిందని అర్థం. ఆ దశలో నాణేల మూట కొనడం తెలివైన పని కాదు.

“ప్రకటనలు తీసివేయడానికి డబ్బు కట్టాను, ఇంకా వస్తున్నాయి”

లెవెళ్ల మధ్య తమంతట తాముగా వచ్చే ప్రకటనలు వేరు, హింటు కోసం మనమే నొక్కి చూసేవి వేరు. ఆటవారు అమ్మే సదుపాయం సాధారణంగా మొదటివాటిని మాత్రమే ఆపుతుంది, కొనేముందు ఆ వివరణను పూర్తిగా చదవాలి. మొదటివే వస్తూ ఉంటే, కొన్న ఖాతా ఒకటి, ఫోనులో ఇప్పుడున్న ఖాతా మరొకటి అయి ఉంటుంది. ప్లే స్టోర్‌లో కొన్న ఖాతాకు మారి, ఆట సెట్టింగ్స్‌లో కొనుగోళ్లను పునరుద్ధరించే మీట నొక్కితే చాలు. ఆండ్రాయిడ్‌లో కట్టిన డబ్బు ఐఫోన్‌కు బదిలీ కాదు.

డబ్బు వెనక్కి కావాలనుకునేవారు ఆలస్యం చేయకూడదు: గూగుల్ ప్లేలో కొన్న 48 గంటలలోపు గూగుల్‌నే అడగవచ్చు, ఆ గడువు దాటితే సాధారణంగా ఆట తయారీదారును సంప్రదించమంటారు. వారానికో నెలకో కట్టే చందా అయితే ఆటను ఫోనులోంచి తీసివేసినంత మాత్రాన అది ఆగదు. ప్లే స్టోర్‌లోని చందాల పేజీలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. ఇది తెలియక నెలల తరబడి కట్టేవారు ఉన్నారు.

“ఫోను మార్చాను, వందల లెవెళ్లు పోయాయి”

ఖాతా ఏదీ జతచేయకుండా అతిథిగా ఆడినప్పుడు పురోగతి అంతా ఆ ఫోనులోనే నిలువ ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్ సమాచారాన్ని 25 ఎంబీ వరకు గూగుల్ ఖాతాలో భద్రపరిచే ఏర్పాటు ఉన్నా, తయారీదారు దాన్ని వాడకుండా ఆపివేయవచ్చు కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. పాత ఫోను ఇంకా చేతిలో ఉంటే అందులో ఆటను తెరిచి ఖాతాను జతచేసి, ఆ తర్వాతే కొత్త ఫోనులో అదే ఖాతాతో ప్రవేశించాలి. పాత ఫోను అమ్మేసి ఉంటే, డబ్బు పెట్టి కొన్నప్పటి రసీదు సంఖ్యతో సహాయ విభాగానికి రాయడం తప్ప మార్గం లేదు. ఏమీ కొననివారి గుర్తింపును నిర్ధారించుకోవడం వారికీ కష్టమే.

ఘట్టం తెరుచుకోకుండా తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోతే, ఫోనులో ఖాళీ స్థలాన్నీ, తేదీ సమయం తమంతట తామే సరిపడేలా ఉన్నాయా లేదా అన్నదాన్నీ చూసుకొని, యాప్ వివరాల్లో క్యాషేను, అంటే తాత్కాలికంగా దాచిన ఫైళ్లను, తుడవాలి. దాని పక్కనే ఉండే ‘డేటా తుడువు’ను నొక్కితే అతిథి ఆట మొత్తం చెరిగిపోతుంది.

“రేటింగ్ 4.6 ఉంది, లోపల అందరూ తిడుతున్నారు”

రేటింగ్ అడిగే సమయాన్ని ఎంచుకునేది తయారీదారు. కష్టమైన లెవెల్ దాటి బాణసంచా వెలిగిన క్షణంలో అడిగితే ఎవరైనా ఐదు నక్షత్రాలే నొక్కుతారు. ఆగిపోయినవారు తమంతట తాము స్టోర్‌కు వెళ్లి రాస్తారు. ఐఫోన్‌లో ఒక యాప్ రేటింగ్ అడిగే పలకను 365 రోజుల్లో మూడుసార్లకు మించి చూపకుండా ఆపిల్ కట్టడి పెట్టింది గాని, ఎప్పుడు అడగాలన్న స్వేచ్ఛ తయారీదారుదే. కొత్త వెర్షన్‌తో పాటు పాత సగటును సున్నా చేసుకునే వీలు కూడా ఆప్ స్టోర్ ఇస్తుంది. 2021 నవంబరు నుంచి గూగుల్ ప్లే మొబైల్‌లో రేటింగులను దేశాలవారీగా చూపుతోంది గనుక, అమెరికాలో ఉన్న అన్నయ్యకు కనిపించే అంకె, విజయవాడలో మనకు కనిపించే అంకె ఒకటి కాకపోవచ్చు.

అందువల్ల సగటును పక్కన పెట్టి, సమీక్షలను కొత్తవాటి క్రమంలో అమర్చి, రెండు నుంచి నాలుగు నక్షత్రాలు ఇచ్చినవారు ఏమి రాశారో చదవాలి. కథ నచ్చి లెక్క నచ్చనివారు అక్కడే ఉంటారు. వారు లెవెల్ సంఖ్య, ఫోను రకం, కొనుగోలు వివరం చెప్పి ఉంటే ఆ అభిప్రాయం విలువైనది. “మోసం” అన్న ఒక్క మాట ఉంటే దానినుంచి తెలిసేది ఏమీ లేదు. మనం రాసేటప్పుడూ ఇదే పద్ధతి పాటించాలి. గూగుల్ ప్లేలో తయారీదారు జవాబు 350 అక్షరాలకు మించకూడదు, అంత చిన్న జవాబులో వారు ఒక్క సమస్యకే పరిష్కారం చెప్పగలరు గనుక సమీక్షలో ఒక్క సమస్యనే రాయడం మేలు. జవాబు వచ్చినప్పుడు మనకు సమాచారం అందుతుంది. వారు చెప్పినట్టు చేసి సమస్య తీరితే పాత సమీక్షను తెరిచి నక్షత్రాలను మార్చవచ్చు, తీరకపోతే ఆ సంగతినీ అందులోనే చేర్చవచ్చు.