మూతపడిన థర్మల్ కేంద్రం టర్బైన్ రోటర్‌ను జనం చూసేలా నిలబెట్టడం ఎలా

టర్బైన్‌ను కాపాడే పని రంగు డబ్బాలతోనో సిమెంటు దిమ్మెలతోనో మొదలవదు, స్క్రాప్ టెండరుతో మొదలవుతుంది. ప్రభుత్వరంగ కేంద్రాల తుక్కు ఎక్కువగా ఎంఎస్టీసీ (కేంద్ర ప్రభుత్వ వేలం సంస్థ) ఈ-వేలంలో లాట్ల (ఒక్కటిగా అమ్మే వాటాల) లెక్కన పోతుంది. యూనిట్ మొత్తం ఒకే లాట్‌గా అమ్ముడైతే రోటర్ (ఆవిరి తోపుకు తిరిగే బ్లేడ్లున్న షాఫ్టు) కూడా కొన్నవాడిదే. తర్వాత అడిగితే టన్నుకింత అని కట్టి తెచ్చుకోవాలి. మన దగ్గర ఈ అవకాశాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నాయి. పాల్వంచలో పాత కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ కేంద్రం) కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న కూల్చేశారు. 1971 నాటి రామగుండం-బి 62.5 మెగావాట్ల యూనిట్ కూడా అదే ఏడాది మూతపడింది. కాబట్టి మూసివేత ఉత్తర్వు వచ్చిన రోజుల్లోనే ఎల్పీ (లో ప్రెషర్, ఆవిరి పీడనం తగ్గిన చివరి దశ) రోటర్, దాని లిఫ్టింగ్ బీమ్, నేమ్ ప్లేట్లు, ఒక జత బేరింగులు, కంట్రోల్ రూమ్ మీటర్లు కొన్ని లాట్ జాబితాలోంచి తప్పించినట్టు కాగితం మీద రాయించుకోండి.

లిఫ్టింగ్ బీమ్ సంగతి దాదాపు ఎవరికీ గుర్తుండదు. ఓవర్‌హాలింగ్‌లో రోటర్‌ను లేపేందుకు తయారీదారు ఇచ్చిన బీమ్ అది. దాన్ని తుక్కులో వదిలేస్తే మళ్లీ చేయించాలి, లోడ్ టెస్టు చేయించాలి. అలాగే టర్బైన్ హాల్లో పైకప్పు కింద పట్టాల మీద నడిచే ఈఓటీ క్రేన్‌కు కరెంటు ఉండగానే రోటర్‌ను పైకి తీసి ట్రైలర్ మీద పెట్టేయండి. క్రేన్ పోయాక అదే పనికి పైకప్పు విప్పి, బయటి నుంచి భారీ మొబైల్ క్రేన్ దించాలి. బడ్జెట్ అక్కడే ఖాళీ అవుతుంది.

ఏ భాగం ఉంచాలి

టర్బైన్ సెట్ మొత్తాన్ని నిలబెట్టాలన్న ఆశ, భవనం కూడా మిగిలితేనే పెట్టుకోండి. సియాటిల్‌లోని జార్జ్‌టౌన్ ఆవిరి కేంద్రంలో కర్టిస్ రకం నిలువు టర్బైన్లు ఉన్నచోటే ఉన్నాయి, ఎందుకంటే భవనాన్నీ అలాగే ఉంచారు. లండన్ బ్యాంక్‌సైడ్ కేంద్రం టేట్ మోడర్న్ మ్యూజియం అయింది. అక్కడి పెద్ద హాలును టర్బైన్ హాల్ అనే పిలుస్తారు గానీ లోపల టర్బైన్ లేదు. భవనం దక్కకపోతే ఎల్పీ రోటర్ ఒక్కటి చాలు. చివరి వరస పొడవాటి బ్లేడ్లు చూడగానే ఇది తిరిగే యంత్రమని ఎవరికైనా తెలుస్తుంది. హెచ్పీ (హై ప్రెషర్) రోటర్ మామూలు మనిషికి గాట్లు పెట్టిన ఇనుప దుంగలా కనిపిస్తుంది. మూసిన కేసింగ్ (టర్బైన్ బయటి పెంకు) అయితే ఏదో పెద్ద డ్రమ్మే అనుకుంటారు. తారాపూర్ అణు కేంద్రంలాంటి బాయిలింగ్ వాటర్ రియాక్టర్ల టర్బైన్లలోకి రియాక్టర్ ఆవిరి నేరుగా వచ్చి రేడియోధార్మికత అంటుతుంది కాబట్టి వాటికి ఈ పద్ధతులేవీ వర్తించవు.

విప్పడం, ఎత్తడం

1960, 70ల నాటి యూనిట్లలో ఇన్సులేషన్, గాస్కెట్లు, గ్లాండ్ ప్యాకింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉందనే లెక్కతో పని మొదలుపెట్టండి. శాంపిల్ ల్యాబ్‌కు పంపి ఫలితం వచ్చేదాకా గ్యాస్ కటింగ్ వద్దు. తీసేవాళ్లు దాన్ని తడిపి తీసి, రెండు పొరల సంచుల్లో కట్టి, లైసెన్సున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

రోటర్‌కు స్లింగులు (ఎత్తే తాళ్లు) పడాల్సింది మాన్యువల్‌లో చూపిన చోటే. బ్లేడ్ల మీద గానీ, ఆవిరి కారకుండా ఆపే గ్లాండ్ సీళ్ల పళ్ల మీద గానీ బరువు ఆనకూడదు. బీమ్ ఎందుకంటే, రోటర్ 20 టన్నులు అనుకుంటే నిలువుగా దిగిన రెండు స్లింగుల మీద చెరో 10 టన్నులు పడతాయి. బీమ్ లేకుండా ఒకే హుక్‌కు కట్టి స్లింగు నేలకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద 20 టన్నులు పడతాయి. పైగా స్లింగులు లోపలికి జారి బ్లేడ్లను నొక్కుతాయి. ట్రైలర్ మీద రోటర్‌కు జర్నల్స్ (షాఫ్టు బేరింగుల్లో కూర్చునే నున్నటి భాగాలు) పక్కన రెండు చోట్ల చెక్క సాడిళ్లు (ఆనే పీటలు) ఉండాలి, రోటర్ తిరగకుండా కప్లింగ్ ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల్లోంచి బిగించాలి.

కడగడం

ఎక్కువ ప్రదర్శనలు పాడయ్యేది ఇక్కడే. బ్లేడ్ల మీద కనిపించే తెల్లటి పొర సిలికా, సోడియం లవణాలు. ఆ లవణాలు గాలిలోని చెమ్మను లాక్కుంటాయి. వాటి మీదే రంగో మైనమో పూస్తే అడుగున తుప్పు నిశ్శబ్దంగా పాకుతుంది, బయటపడేసరికి పూత ఊడిపోతుంది. బ్లేడ్లు సాధారణంగా 12 శాతం క్రోమియం స్టీలు కాబట్టి తట్టుకుంటాయి. షాఫ్టు, డిస్కులు తక్కువ మిశ్రమ లోహం కాబట్టి తట్టుకోవు. అద్దంలా మెరిసే జర్నల్స్ అన్నిటికన్నా ముందు ఎర్రబడతాయి.

డీఎం ప్లాంటు (లవణాలు తీసేసిన నీటిని తయారుచేసేది) నడుస్తుండగానే 60-70 డిగ్రీల వేడి డీఎం నీటితో, తక్కువ ప్రెషర్‌తో కడగండి. కిందికి కారిన నీటి కండక్టివిటీ (విద్యుత్ వాహకత, లవణాలుంటే పెరుగుతుంది) కొలవండి. పోసిన నీటి రీడింగుకు దగ్గరగా వచ్చేదాకా ఆపవద్దు. మొండి పొరను నైలాన్ బ్రష్షుతో, నాన్-వోవెన్ ప్యాడ్‌తో చేత్తోనే తీయాలి. ఇసుక బ్లాస్టింగ్ చేస్తే చివరి బ్లేడ్ల ముందు అంచున ఉన్న స్టెల్లైట్ (గట్టి మిశ్రమ లోహం) పట్టీ, నీటి చుక్కలు కొట్టి ఏర్పడ్డ రంపపు పళ్ల గాట్లు, అంటే అసలు చూపించాల్సినదే, చెడిపోతుంది. కడిగాక బ్లేడ్ మొదళ్ల సందుల్లోకి పొడి గాలి కొట్టి, ఆ రోజే సాల్వెంట్‌లో కలిసే రస్ట్ ప్రివెంటివ్ పూసి, వీసీఐ ఫిల్ములో (తుప్పును ఆపే ఆవిర్లు వదిలే ప్లాస్టిక్) చుట్టి తరలించండి.

బ్లేడ్లకూ జర్నల్స్‌కూ చివరి పూతగా మైక్రోక్రిస్టలిన్ మైనం వాడండి. పారదర్శక వార్నిష్ వద్దు, మన ఎండకు పచ్చబడి పొట్టు లేస్తుంది. కేసింగ్ సగం కూడా పెడుతుంటే దానికి మాత్రం జింక్ ఎపాక్సీ ప్రైమర్, ఎపాక్సీ, పైన పాలీయురెథేన్ కలిపి 250 మైక్రాన్ల వరకు వేయించండి. లోహం ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలో చెమ్మ నీటిబొట్లయ్యే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం వేడెక్కిన ఇనుము మీద వేస్తే పూతలో బుడగలు లేస్తాయి. ఫిబ్రవరిలో ఉదయం మంచు ఆరాక వేయడం మంచిది. బోర్లా తిప్పలేని కేసింగ్ అడుగున 25 మి.మీ. రంధ్రాలు పెట్టండి, లేకుంటే వానకాలంలో దోమల తొట్టి అవుతుంది.

దిమ్మెలు, కప్పు, కంచె

రోటర్ రెండు చివర్లనూ మోసే రెండు దిమ్మెలూ ఒకే రాఫ్ట్ (పలకలాంటి పునాది) మీద ఉండాలి. నల్లరేగడి నేలైతే కనీసం 3.5 మీటర్ల లోతున అండర్-రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) వేయించండి, నేల ఉబ్బి కుంగితే దిమ్మెలు ఒరుగుతాయి. రోటర్ ఆనే సాడిళ్లలో ఒకటి బిగింపు, రెండోది జారేది. 6 మీటర్ల షాఫ్టు 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మి.మీ. సాగుతుంది. రెండు చివర్లూ బిగిస్తే సిమెంటు పగులుతుంది. సాడిల్‌లో పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పలక పెట్టండి. రబ్బరు, ఫెల్ట్ వద్దు, అవి చెమ్మ పట్టి ఉంచి జర్నల్‌ను అక్కడే తింటాయి. వైట్ మెటల్ (తగరం, సీసం లాంటి మెత్తటి లోహపు పూత) బేరింగులు బయట పెడితే దొంగలు ఎత్తుకుపోతారు, వాటి చోటు లోపలి అద్దాల బీరువా.

పైన కప్పు తప్పనిసరి, పక్కలు తెరిచి ఉండాలి. చుట్టూ గాజు మూసేస్తే ఏసీ లేని గదిలో తెల్లవారుజామున రోటర్‌కు చెమట పడుతుంది. పావురాలు దూరకుండా చూరు కింద జాలీ కట్టండి.

చాలా డిజైన్లలో చివరి వరస బ్లేడ్లు రోటర్ ఆగి ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర కాస్త వదులుగా ఉంటాయి, చేత్తో కదిపితే టకటకమంటాయి. అది లోపం కాదు, తిరిగేటప్పుడు బయటికి లాగే బలం వాటిని బిగిస్తుంది. అయితే పిల్లలకు ఆ శబ్దం దొరికిందంటే వదలరు, వెనక అంచేమో కత్తిలా ఉంటుంది. అందుకే బ్లేడ్ కొనకు 1.2 మీటర్ల దూరంలో, 1.1 మీటర్ల ఎత్తు కంచె వేయండి. నిలువు కమ్మీల మధ్య 100 మి.మీ. మించకూడదు. ముట్టుకోవాలనుకునేవారికి విడిగా ఒక పాత బ్లేడ్‌ను అంచులు మొద్దుచేసి బల్లకు బిగించండి.

బోర్డు మీద మెగావాట్లు, ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత, నడిచిన ఏళ్లు రాశాక ఈ లెక్క కూడా రాయండి: నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, ఇరుసుకు 1 మీటరు దూరంలో ఉన్న 1 కిలో లోహం దాదాపు 10 టన్నుల బలంతో బయటికి లాగుతుంది.

ఏటా మే చివరలో, మళ్లీ అక్టోబరులో పాత మైనం తుడిచి కొత్తది పూయాలి. డిస్కుల మధ్య అడుగు భాగాన్ని టార్చి, చేతి అద్దంతో చూడండి, తుప్పు మొదట అక్కడే పడుతుంది. ఎర్ర గీత కనిపిస్తే మొత్తం కడగనక్కర్లేదు, ఆ మేరకు స్పిరిట్‌తో మైనం తీసి, ప్యాడ్‌తో రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి మళ్లీ పూయండి. అదే చోట రెండోసారి వస్తే పూతను అనుమానించకండి, పైన కప్పు ఎక్కడ కారుతోందో చూడండి.